యాక్సిడెంట్ రిపోర్టు పాఠం

ఇప్పుడు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాక రోడ్డు పొంటి పోతుంటే కిరాణా దుకాణాల కంటే ఇంగ్లీషు నేర్పే బోర్డులే ఎక్కువ కనిపిస్తున్నయి. వాటిల్ల పాఠాలు చెప్పే పిల్లలు కొందరు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ కాలంల ఎట్ల చెప్పేటోళ్లు మేడం అని అడుగుతుంటరు. మా కాలంల పెద్దగ విద్యలేం లేవు. ఒక నల్లబోర్డు, చాక్‌పీసు, పోయినేటి ప్రశ్నపత్రాలు. పాసైనోళ్లు మా తెలివి అనుకునేది, ఫెయిలైనోళ్లు మేడం సరిగ్గ చెప్పలే అనేది. రెండిట్లనూ కొంత నిజమే ఉండె.

కని ఒక బ్యాచి సంగతి మీకు చెప్పాలె. బ్యాచి అంటున్న గని ఇద్దరే మనుషులు.

నేను పుట్టి పెరిగింది సంగారెడ్డిల. బి.ఇడి. చేసినంక కొన్నేండ్లు ప్రైవేటు బడిల చెప్పి, ఎనభైల నడిమిట్ల పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీ ట్రైనింగ్ సెంటర్ల చేరిన. ఇనుము కోసే జాగల ఇంగ్లీషు టీచరుకు ఏం పని అని మా నాయిన నవ్విండు. పని ఉండె. మిషన్ షాపుల హెల్పరుగ, ఆఫీసుల అటెండరుగ ఉన్నోళ్లు క్లర్కు కావాలంటే ఇంగ్లీషు చదువుడు, రాసుడు పరీక్ష పాస్ కావాలె. పొద్దున చదివే పేపరు. ఒక పేజీ ఇంగ్లీషు ఇస్తరు, కింద ప్రశ్నలుంటయి. మధ్యాహ్నం రాసే పేపరు. సెలవు దరఖాస్తు, ఒక ఫిర్యాదు, ఆఖరుకు పై ఆఫీసరుకు ఒక రిపోర్టు. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి కూసొని రాయించి పోయేటోడు.

నా స్టూడెంట్లంత షిఫ్టు దిగి వచ్చేటోళ్లు. చేతులకు నూనె వాసన, కండ్ల నిండ నిద్ర. కండ్లు తెరిచి పండుకునే విద్య నేను వాళ్ల దగ్గర్నే చూసిన. వాళ్లను చూసి కోపం రాకపోయేది. యంత్రం పక్కన నిలబడి వచ్చిన మనిషికి 'ది' ఎక్కడ పెట్టాలె, 'ఎ' ఎక్కడ పెట్టాలె అని చెప్తుంటే నాకే సిగ్గయ్యేది.

ఆ యేడు వానలు మొదలైనంక ఫ్యాక్టరీ వ్యాను ఒకటి బొంబాయి రోడ్డు మీద ఆగి ఉన్న లారీకి వెనుక నుంచి గుద్దుకున్నది. జహీరాబాద్ దిక్కు వర్క్‌షాపుల రిపేరుకిచ్చిన మిషన్ సామాను తీసుకొని తిరిగి వస్తుండె. వ్యాన్ల ఇద్దరే ఉండె. నడిపే డ్రైవరు ఒకడు, సామాను సరిగ్గ ఉన్నదా లేదా చూసుకొని తెచ్చేటందుకు పోయిన ఫిట్టరు ఒకడు. ఇద్దరూ అక్కడ్నే పోయిన్రు.

డ్రైవరుది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దిక్కు ఊరు. బాయి, ఎడ్లు, భూమి ఉన్న ఇల్లు. ఫిట్టరు కృష్ణా జిల్లా నుంచి నౌకరికని వచ్చి, ఫ్యాక్టరీ క్వార్టర్ల సంసారం పెట్టుకున్న మనిషి. పోయినోళ్ల ఇంట్ల ఒకరికి నౌకరి ఇయ్యాలె అని రూలు. ఇద్దరి భార్యలను ముందుగాల ఆఫీసుల ఫైళ్లు అందించే పనికి తాత్కాలికంగ పెట్టుకున్నరు. ఇంగ్లీషు పరీక్ష పాసైతే క్లర్కులుగ పర్మినెంటు చేస్తరు. కాకపోతే ఆ నౌకరి ఇంట్ల ఇంకెవరికన్న పోతది, ఎవరూ లేకపోతే పోయినట్టే.

పేర్లు వద్దు. ఒకామెను పెద్దామె అంట, ఇంకొకామెను చిన్నామె అంట. పెద్దామె ఫిట్టరు భార్య. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడికి పోతుండె. ఆమెకు నౌకరి నిలువకపోతే క్వార్టరు ఖాళీ చేసుడే. చిన్నామె డ్రైవరు భార్య. పెండ్లయి ఎక్కువ కాలం కాలే, పిల్లలు లేరు. ఆమె ఫెయిలైతే ఆ నౌకరి తనకు వస్తదని ఇంట్ల మరిది చూస్తుండె.

ఇద్దరూ ఊర్లల్ల పదో తరగతి పాసైనోళ్లే. మొదటి దినం చిన్నామె ముందు వచ్చి బెంచీ చివరన కూసున్నది. పెద్దామె గుమ్మంల నిలబడి లోపటికి చూసి, నన్ను బయటికి పిలిచింది. "ఆవిడుంటే నేను వేరే టైంలో వస్తానండీ" అన్నది. వేరే టైం లేదని చెప్పిన. లోపటికి వచ్చి బెంచీ రెండో చివరన, గోడ దిక్కు తిరిగి కూసున్నది.

ఎందుకో నాకు తెలుసు. కాలనీల అందరూ ఒకటే మాట అనేటోళ్లు. డ్రైవరు నిద్రపోయి బండిని లారీ కిందికి పెట్టిండు, నిమ్మళంగ కూసున్న ఫిట్టరును పొట్టన పెట్టుకున్నడు అని. ఎంక్వయిరీల కూడ అట్లనే రాసిన్రు. ఆఫీసుకు నీళ్లు పట్టేటందుకు చిన్నామె కాలనీ నల్లా దగ్గరికి పోతే అక్కడున్న ఆడోళ్లు బిందెలు పక్కకు జరుపుకునేటోళ్లు. ఆమె ఎవరితోనూ కొట్లాడలే, ఎవరికీ జవాబియ్యలే. తల వంచుకొని పని చేసి బస్సెక్కి పోయేది.

నాకు ఆ ఇద్దరితోని చెప్పరాని పరేషాన్. ఒకే పుస్తకం ఉండె. పెద్దామె దాన్ని నా చేతికిచ్చేది, నేను చిన్నామెకు ఇచ్చేది. వాళ్ల మధ్యల ఉన్న బెంచీ మూడడుగులే గని, పుస్తకం నా టేబులు మీదికెల్లి తిరిగి పోవాలె.

చదువుల కూడ ఒకరికొకరు ఎదురు. పెద్దామె ఇంగ్లీషు చదివితే అర్థం చేసుకునేది. కని సొంతంగ ఒక వాక్యం రాయమంటే చెయ్యి ఆగిపోయేది. చిన్నప్పుడు బట్టీ పట్టిన వ్యాసాలు మాత్రం తప్పు లేకుంట రాసేది. ఆవు గురించి ఆమె రాసిన వ్యాసం చూస్తే ఇంగ్లీషు దొరసాని రాసిందనుకుంటరు. చిన్నామె దానికి ఉల్టా. తప్పో ఒప్పో జల్దీ రాసి పడేసేది. కర్త ఒక దిక్కు, క్రియ ఒక దిక్కు. కని ఏం చెప్పదలుచుకున్నదో తెలిసేది. చదువుమంటే మాత్రం అక్షరాలన్నీ పలికి, అర్థం అడిగితే నా మొఖం చూసేది.

ఒకనాడు ఫిర్యాదు రాయిస్తున్న. 'ది టాప్ ఈజ్ లీకింగ్' అని బోర్డు మీద రాసి అర్థం చెప్పమన్న. కుళాయి కారుతోందండీ అన్నది పెద్దామె. చిన్నామె కలం ఆపి నన్ను చూసింది. కుళాయి అంటే ఏందో ఆమెకు తెలువదు. నల్లా అని చెప్పిన. ఈసారి పెద్దామె నన్ను చూసింది. నాకు నవ్వొచ్చింది. ఇద్దరిదీ తెలుగే. ఇద్దరికీ ఒక్కతీరుగ తెలిసిన మాట ఆ బోర్డు మీద ఉన్న ఇంగ్లీషు మాటే. ఆ దినం తర్వాత నేను ఒక ఉపాయం చేసిన. పెద్దామెను చదివి అర్థం చెప్పమనేది, చిన్నామెను దానికి జవాబు రాయమనేది. పెద్దామె గోడకు చెప్పినట్టు చెప్పేది. చిన్నామె కాయితానికి చెప్పినట్టు తలూపేది. అట్లనే పాఠం నడిచింది.

అన్ని పాఠాలు అయినయి గని ఒకటి నేను ఎప్పటికప్పుడు వెనుకకు జరుపుతూ వచ్చిన. అది రిపోర్టు. మీరు పాత పేపర్లు తిరగేస్తే ప్రతి యేడు అదే ప్రశ్న. మీరు చూసిన లేక విన్న ఒక ప్రమాదం గురించి మీ ఆఫీసరుకు రిపోర్టు రాయండి అని. దానికి ట్రైనింగ్ సెంటర్ల ఒక మోడల్ జవాబు ఉండె. ఏండ్లకేండ్లు అందరూ దాన్నే బట్టీ పట్టి రాసేటోళ్లు. నాకు దాన్ని ఆ ఇద్దరి ముందట తెరువబుద్ధి కాలే. మా ట్రైనింగ్ ఆఫీసరు హైదరాబాద్ పాతబస్తీల పెరిగిన మనిషి, చెడ్డాయన కాదు, రూలు తప్పితే నిద్ర పట్టదు. ఆయనను అడిగిన. "దేఖో మేడం" అన్నడు, "మీరు చెప్పకపోతే ప్రశ్న రాకుంట పోతదా? ఫెయిలైనంక బాధ పడేకంటే ఇప్పుడే పడనియ్యండి."

ఆఖరుకు పెద్దామెనే అడిగింది. ఆ రిపోర్టు ప్రశ్న తప్పకుండా వస్తుందట కదండీ, మాకెందుకు చెప్పడం లేదు అని. ఇగ తప్పలే.

మోడల్ జవాబు బోర్డు మీద రాసుకుంట పోయిన. ఒక వాహనం, ఒక డ్రైవరు, ఒక మలుపు. నేను రాసిన మాటలు నాకే వినబడుతున్నయి. ఆఖరు వాక్యం 'డ్యూ టు ది నెగ్లిజెన్స్ ఆఫ్ ది డ్రైవర్'. వెనుకకు తిరిగి చూస్తే పెద్దామె రాసుకుంటున్నది. చిన్నామె కలం కింద పెట్టి కూసున్నది.

నెగ్లిజెన్స్ అంటే ఏంది మేడం అని అడిగింది. నేను ఎంతసేపు ఆలోచించినా దానికి మెత్తటి తెలుగు దొరకలే. అజాగ్రత్త అని చెప్పిన. డ్రైవరు పట్టించుకోకుంట నడిపిండని.

ఆమె బోర్డు దిక్కే చూస్తూ చెప్పింది. గొంతు పెంచలే.

"ఆయన ఆ దినం రాత్రి డ్యూటీ చేసి ఇంటికి రావాల్సినోడు మేడం. ఇంకో డ్రైవరు రాలేదని మళ్ల పంపిన్రు. జహీరాబాద్‌ల సామాను ఎక్కించేసరికి చీకటైంది. నాకు చాతనైతలేదు, ఇక్కడ్నే పండుకొని తెల్లారి పోదమన్నడట. వర్క్‌షాపాయన దినాలకు వచ్చి మాకు చెప్పిండు."

ఇంకో మాట కూడ ఉన్నదని ఆమె మొఖం చూస్తే తెలుస్తున్నది. కని అక్కడ ఆపింది.

పెద్దామె రాసుడు ఆపి, కలం మూత పెట్టింది. గోడ దిక్కు తిరిగి ఉన్న మనిషి మెల్లగ ఇటు తిరిగింది. ఇన్ని రోజులల్ల మొదటిసారి ఆమె చిన్నామె మొఖం చూసి మాట్లాడింది.

"వద్దు, బయల్దేరదాం అన్నది మా ఆయనే. ఆ వర్క్‌షాపాయన మా ఇంటికీ వచ్చి చెప్పాడు. నీకు తెలుసు కదా?"

చిన్నామె తలూపింది.

"మరి ఇన్నాళ్లూ ఎవరితోనూ ఎందుకనలేదు?"

"నీ బాధ నీకున్నది గదక్కా. దాని మీద ఇదొకటెందుకు అనుకున్న."

పెద్దామె చేతులు ఒళ్ళో పెట్టుకొని చూసుకుంటూ కూసున్నది. తర్వాత చెప్పింది. తెల్లారితే చిన్నపాప పుట్టినరోజట. ఎంత ఆలస్యమైనా సరే ఇంటికి వచ్చెయ్యండి, పాప లేచేసరికి మీరుండాలి అని భర్తను పంపేటప్పుడు గట్టిగ చెప్పిందట. ఆయన మాట తప్పే మనిషి కాదట. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలే. డ్రైవరుదే తప్పని కాలనీల అందరూ అంటుంటే, అవునని ఊకున్నదట. అట్ల ఊకుంటే కొంచెం ఊపిరాడేదట.

అప్పుడు నేను వాళ్లకు ఏమి చెప్పాలె? నేను ఇంగ్లీషు టీచరును. డస్టరు తీసుకొని ఆ ఆఖరు వాక్యం తుడిచిన. పాఠం ఇయ్యాల్టికి చాలని చెప్పిన. ఎవరూ లేవలే. వాళ్లిద్దరూ కూసున్న జాగలనే కూసొని ఏడ్చిన్రు, ఒకరినొకరు పట్టుకోలే, ఒకరి దిక్కు ఒకరు చూసుకోలే. నేను కిటికీల నుంచి బయటికి చూస్తూ నిలబడ్డ.

తర్వాత కొన్ని దినాలు పెద్దామె క్లాసుకు రాలే. ఇగ రాదేమో అనుకున్న. ఆ రోజులల్లనే ఆమె కాలనీల ఇల్లిల్లు తిరిగి ఈ మాట చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. ఆఫీసుకు కూడ పోయి చెప్పిందట. ఎంక్వయిరీ మూసేసినం, ఇప్పుడు కాయితం మారదు అన్నరట. కాయితం మారకపోయినా నల్లా కాడ బిందెలు జరుపుడు ఆగింది. ఆమె మళ్ల క్లాసుకు వచ్చిన దినం బెంచీ చివరన కూసోలే. పుస్తకం ఇద్దరి నడుమ తెరిచి పెట్టింది.

పరీక్ష దగ్గరికొచ్చింది. ఇప్పుడు చిన్నామె రాకుంట అయింది. అదే ఊరి నుంచి వచ్చే హెల్పరు ఒకతను చెప్పిండు. ఇంట్ల మామ పోవద్దన్నడట. పరీక్ష మరిదితోని రాయిస్తం, కోడలు బస్సుల ఎక్కి దిగుడు ఇగ చాలు అన్నడట. నేను ట్రైనింగ్ ఆఫీసరును అడిగిన. ఆమె రాయకపోతే రూలు ప్రకారం మరిదికి అవకాశం ఉన్నది, ఇంటి సంగతిల మనం ఏం చేస్తం మేడం అన్నడు. పెద్దామెకు చెప్పిన. "ఆదివారం నన్ను వాళ్ళూరు తీసుకెళతారా మేడం?" అన్నది.

సంగారెడ్డి దాక ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. దారి పొడుగుత ఆమె కొంగు చివర చుట్టుకుంట విప్పుకుంట కూసున్నది. ఇల్లు ఊరి మొదట్లనే ఉండె. వాకిట్ల జొన్నలు ఆరబోసి ఉన్నయి. మామ అరుగు మీద కూసొని ఎడ్ల తాడు పేనుతుండె. నన్ను చూసి లేసిండు. పక్కనున్నది ఎవరో చిన్నామె తన అత్తకు చెప్పింది, అత్త ఆయనకు చెప్పింది. ముసలాయన చేతుల తాడు అట్లనే ఉండిపోయింది. మంచం వాల్చమన్నడు, కూసొమ్మన్నడు. తర్వాత, "అనేటందుకు ఇంకేమన్న మిగిలిందా బిడ్డా?" అని అడిగిండు. కోపంగ అడుగలే. నిజంగనే తెలుసుకుందమని అడిగినట్టు అడిగిండు.

పెద్దామె కూసోలే. నిలబడే చెప్పింది.

"మీ అబ్బాయి తప్పు లేదండీ. పడుకుని పొద్దున్నే పోదామన్నాడు. బయల్దేరదీసింది మా ఆయన. ఆయన్ని తొందరపెట్టింది నేను. ఈ మాట కాలనీలో అందరికీ చెప్పాను. మీకు చెప్పకపోతే చెప్పినట్టు కాదు, అందుకని వచ్చాను."

ముసలాయన భుజం మీది తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నడు. లోపట అత్త ఏడ్చుడు వినిపిస్తున్నది. ఎవరో చాయ్ తెచ్చిన్రు. పెద్దామె అప్పుడు మంచం మీద కూసొని, గిలాస రెండు చేతులతోని పట్టుకొని తాగింది.

నేను పరీక్ష సంగతి ఎత్తిన. మరిది దర్వాజ దగ్గర నిలబడి ఉండె, మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్న పడుచుపిల్లగాడు. నాకు నౌకరి కావాలె మేడం, అడుగుడుల తప్పేమున్నది అన్నడు. తప్పేం లేదు. ఉన్న భూమిల కొంత ఫ్యాక్టరీలకు పోయింది, మిగిలిందాంట్ల నీళ్లు లేవు. వాని జాగల నేనున్నా అట్లనే అడుగుదును. అయితే మామ ఆ మాటలేం వినలే. కోడలు దిక్కు తిరిగి, ఆమెను ఎవరూ అడుగని ఒక ప్రశ్న అడిగిండు.

"నీకు పోవాలని ఉన్నదా బిడ్డా?"

చిన్నామె కొంగు సవరించుకున్నది. "ఉన్నది మామా. తెల్లారి లేస్తే పోయేటందుకు నాకొక జాగ కావాలె" అన్నది.

మేము వచ్చేటప్పుడు ముసలాయన బస్సు దాక వచ్చిండు. ఏం నిర్ణయం చెప్పలే. పరీక్ష దినం పొద్దున నేను గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్న. సంగారెడ్డి బస్సు నుంచి చిన్నామె దిగింది. ఊరి నుంచి సంగారెడ్డి దాక మరిది సైకిలు మీద తెచ్చి బస్సెక్కించిండట. దారిల ఒక్కటే మాట అన్నడట, పాస్ గాకుంటె మాత్రం ఊకోను వదినా అని.

హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన సన్నటి మనిషి, దగ్గు. పొద్దుటి పేపరు మంచిగనే అయింది. నిప్పంటుకుంటే ఇసుక బకెట్లు ఎట్ల వాడాలె అనే పాఠం ఇచ్చిండు. మధ్యాహ్నం రాసే పేపరు. సెలవు దరఖాస్తు, ఫిర్యాదు, మూడోది రిపోర్టు. ప్రమాదం గురించే.

నేను కాపలా ఉన్న. ఎవరితోనూ మాట్లాడరాదు. చిన్నామె మూడో ప్రశ్న దగ్గరికి వచ్చి, ఒకసారి కిటికీ దిక్కు చూసి, రాసుడు మొదలుపెట్టింది. కలం ఆగలే. పెద్దామె మొదటి రెండూ ఎన్నడూ లేనంత నీటుగ రాసింది. మూడోదానికి పైన హెడ్డింగు పెట్టింది. పెట్టి కలం పట్టుకొని కూసున్నది. నేను ఆమె పక్క నుంచి పోయిన ప్రతిసారీ ఆ హెడ్డింగే కనిపించింది, దాని కింద తెల్ల కాయితం. ఆ మోడల్ జవాబు ఆమెకు కంఠతా వచ్చు. నేనే అప్పజెప్పించుకున్న. గంట కొట్టినంక ఆమె కాయితం మడిచి ఇచ్చి, నా దిక్కు చూడకుంట బయటికి పోయింది.

ఫలితాలు వచ్చినయి. చిన్నామె రెండిట్ల పాసైంది. పెద్దామె చదువుడుల పాసైంది, రాసుడుల పోయింది. ఏడ్చింది చిన్నామె. పెద్దామె నా ముందట కూసొని, "రాయడం రాక కాదండీ. రాయబుద్ధి కాలేదు" అన్నది. నేను ఆమెను తిట్టాల్సింది. మీరైనా తిట్టి ఉందురు. క్వార్టరు పోతది, నౌకరి పోతది, ఒక్క పేజీ కోసమా అని.

చిన్నామె ఏం రాసిందో నాకు పరీక్ష పెట్టిన హెడ్డాఫీసాయన చెప్పిండు. ఇది మీరు నేర్పిన మోడల్ కాదు కదా అని నవ్వి, కాయితం చూపించిండు. సగం ఆర్టికల్స్ లేవు. వ్యాను, రోడ్డు, లారీ అన్నీ చెప్పింది. వ్యాన్ల ఉన్న రెండో మనిషి ఏమన్నడో ఎక్కడా రాయలే. కారణం అని రాయాల్సిన చోట రెండు చిన్న వాక్యాలు. 'డ్రైవర్ వాజ్ టైర్డ్. నోబడీ ఆస్క్‌డ్ హిమ్.' డ్రైవరు అలసిపోయి ఉండె, ఎవరూ ఆయనను అడుగలే అని. పరీక్షాయన దగ్గుకుంట, గ్రామరు సంగతి పక్కన పెట్టండి, దీనికి మార్కులు ఇయ్యకపోతే ఇంక దేనికియ్యాలె అన్నడు.

చిన్నామెను హాజరు, సెలవుల లెక్క చూసే టైం ఆఫీసుల క్లర్కుగ వేసిన్రు. పెద్దామెకు రూలు ప్రకారం ఇంకొక్క అవకాశం ఉండె. నడుమల క్వార్టరు ఖాళీ చేయాలన్న కాయితం రానే వచ్చింది. మా ట్రైనింగ్ ఆఫీసరు, రూలు తప్పని మనిషి, ఆ కాయితం మీద తెలిసిన ప్రశ్నలన్నీ అడిగి, తెలిసిన ఆఫీసులన్నిటికీ పంపి, దాన్ని వీలైనంత మెల్లగ నడిపించిండు. అయినా ఆఖరుకు ఖాళీ చేయాల్సే వచ్చింది. అప్పుడు చిన్నామె పటాన్‌చెరుల రెండు గదులు కిరాయికి తీసుకున్నది. ఒంటరి ఆడమనిషి పట్నంల ఉంటనంటే మామ ఒప్పుకునేటోడు కాదు. అక్క, పిల్లలు కూడ ఉంటరు అంటే ఒప్పుకున్నడట. ఊరి నుంచి జొన్నలు, పప్పు మూటలు కట్టి మరిదితోని పంపేటోడు. మరిది ఆ తర్వాత సంగారెడ్డిల ట్రాక్టర్ల రిపేరు నేర్చుకొని సొంత షెడ్డు పెట్టుకున్నడు. నౌకరి రాకుంటనే మంచిగైంది మేడం, ఇంగ్లీషు తప్పింది అని నాతోని ఒకసారి అన్నడు.

నేనొకసారి ఆ ఇంటికి పోయిన. పెద్దపిల్ల వంటింట్ల లెక్కలు చేస్తున్నది, చిన్నది చిన్నామె ఒళ్ళో పండుకున్నది. పెద్దామె గడప దగ్గర కూసొని పరీక్ష కోసం ఫిర్యాదు రాస్తున్నది. చిన్నామె దాన్ని చూసి, మొదలు నీకు ఏం చెప్పాలని ఉన్నదో తెలుగుల నాకు చెప్పు అక్కా, తర్వాత రాయి అంటున్నది. నాకు కొంచెం అసూయ అయింది. అన్ని ఏండ్లు పాఠాలు చెప్పి, ఆ ముక్క నేను ఆమెకు చెప్పలేకపోయిన.

ఆమె రెండో పరీక్ష వచ్చే లోపట నేను ట్రైనింగ్ ఆఫీసరు దగ్గరికి పోయి, ఆ మూడో ప్రశ్న తీసేయించండని అడిగిన. ప్రశ్నలు నా చేతిల ఉండవు మేడం అన్నడు. కని హెడ్డాఫీసుకు రాసిండు. ప్రమాదం రిపోర్టు రాయలేనోళ్లు దాని బదులు ఇంకోటి రాసుకునేటట్టు ఛాయిస్ ఇయ్యాలె అని. మా ఫ్యాక్టరీల అటువంటి ఇండ్లు ఈ రెండే కావు అని కూడ రాసిండట. ఆ యేటి నుంచి ఛాయిస్ వచ్చింది. నేను రిటైరయ్యేదాక ఉండె.

పెద్దామె రెండోసారి పరీక్ష రాసిన దినం చిన్నామె టైం ఆఫీసుల పర్మిషన్ పెట్టి వచ్చి, ట్రైనింగ్ సెంటర్ మెట్ల మీద కూసున్నది. లోపట రాసే మనిషి కంటే బయట కూసున్న మనిషికే ఎక్కువ చెమటలు. గంట కొట్టిన్రు. మగోళ్లంత బయటికొచ్చి బీడీలు ముట్టించుకున్నంక, అందరి వెనుక పెద్దామె వచ్చింది. వేళ్లకు ఇంకు.

ఏమొచ్చిందక్కా అని చిన్నామె లేసి అడిగింది.

"రిపోర్టు బదులు పెద్ద దరఖాస్తు ఒకటిచ్చారు. మీకు సెలవు ఎందుకు కావాలో ఆఫీసరుకి వివరంగా రాయమన్నారు. పెద్దదాన్ని హైదరాబాదు మెడికల్ కాలేజీలో చేర్పించాలి, హాస్టలు చూడాలి, పెట్టె కొనాలి అని పేజీ నిండా రాశాను."

"పెద్దది ఇంక ఎనిమిదో తరగతే గదక్కా."

"అవును" అన్నది పెద్దామె. మెట్టు మీద చిన్నామె పక్కన కూసున్నది. "జరిగింది రాయమంటే నా వల్ల కాలేదు. ఇవాళ జరగబోయేది రాశాను."

చిన్నామె టైం ఆఫీసు క్లర్కు మొఖం పెట్టి, నువ్వింక పర్మినెంటు కాలే, గన్ని రోజుల సెలవు నీకెవలిస్తరు అని అడిగింది. పెద్దామె నవ్వింది. ఆమె నవ్వంగ నేను అంతకు ముందు ఎన్నడూ చూడలే.